ఇష్టమైన కవి మీద అనుమానం పుడితే: ఇరవై ఏళ్ల హాప్కిన్స్ ఉత్తరం చూపిన చదివే పద్ధతి

1864 సెప్టెంబరు 10, రాత్రి. ఆక్స్‌ఫర్డ్‌లో బేలియల్ కాలేజీ విద్యార్థి ఒకడు సెలవుల్లో ఉన్నాడు. రోమన్ వక్త సిసిరో ప్రసంగాలు అప్పుడే చదివి ముగించాడు. నిద్రకి ఇంకో గంట టైముంది. ఆ వేళప్పుడు కొత్త పుస్తకం ఏం మొదలుపెడతాంలే అని షేక్‌స్పియర్ ‘హెన్రీ ది ఫోర్త్’ నాటకం చదువుకుంటున్నాడు. అంతలో స్నేహితుడు బెయిలీ ఉత్తరం చేతికొచ్చింది. వచ్చిన ఉత్తరానికి వెంటనే జవాబు రాసే అలవాటు లేని మనిషి, ఆ రాత్రి మాత్రం వెంటనే కలం పట్టాడు. ఆ జవాబులో ఈ మాట ఉంది: “నీకు తెలుసా, నాకో ఘోరం జరిగింది. టెన్నిసన్ మీద అనుమానం మొదలైంది.”

ఆ కుర్రాడు, తర్వాత ఇంగ్లిష్ కవిగా పేరొచ్చిన జెరార్డ్ మ్యాన్లీ హాప్కిన్స్. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు నిండి నెలన్నర కూడా కాలేదు. టెన్నిసన్ అంటే అప్పటి ఇంగ్లండులో మాటలు కాదు. 1850 నుంచి ఆస్థానకవి, ఇంటింటా చదివే కవి. ఆయన కొత్త పుస్తకం ‘ఈనక్ ఆర్డెన్’ ఆ ఏడాదే వచ్చి వేలకు వేలు అమ్ముడుపోయింది. ఆ పుస్తకం చదువుతూనే హాప్కిన్స్‌కి లోపల ఏదో కలుక్కుమంది.

ఈ కలుక్కుమనడం మనకీ తెలుసు. కాలేజీ రోజుల్లో కంఠతా పట్టిన కవిని పదేళ్ల తర్వాత తెరుస్తాం. పద్యం అదే, మనమే కదలం. అప్పుడు మనలో చాలామంది రెండే పనులు చేస్తారు. ఆ అనుమానాన్ని ఎవరికీ చెప్పకుండా లోపలే తొక్కిపెట్టేస్తారు, లేదా “ఇతనిలో ఏమీ లేదు, అప్పట్లో మాకే తెలియలేదు” అని కవినే అటకెక్కిస్తారు. హాప్కిన్స్ ఈ రెండూ చేయలేదు. అనుమానాన్ని ముందేసుకుని కూర్చుని, అది ఎక్కడ పుట్టిందో పంక్తి పంక్తికీ వెతికాడు. అచ్చులో పెట్టడానికి కాదు, స్నేహితుడి కోసం. అంతకన్నా తన కోసం. ఆ ఉత్తరాన్ని నేను చాలాసార్లు చదివాను. అందులో ఒక పనిచేసే పద్ధతి ఉందని నా నమ్మకం. దాన్ని మెట్టు మెట్టుగా కింద పెడుతున్నాను, కొన్నిచోట్ల నా అనుభవం కలిపి.

మొదటి మెట్టు: కవిని ఎంచుకోవడం

మీకు నచ్చని కవిని తీసుకోకండి. నచ్చని కవి మీద ఈ పని తేలిగ్గా జరిగిపోతుంది, కానీ మీకు మిగిలేది ఏమీ ఉండదు. ఒకప్పుడు ప్రాణంగా చదివి, ఈ మధ్య ఎందుకో చెయ్యి అటు పోని కవి కావాలి. ఆయనవి కనీసం రెండు పుస్తకాలు దగ్గర పెట్టుకోండి: పేరు రాకముందుది ఒకటి, పేరొచ్చాక రాసింది ఒకటి. ఎందుకో ముందుకెళ్తే తెలుస్తుంది.

మీరు ఏ భాషలో పెరిగారో ఆ భాష కవినే తీసుకోండి. టెన్నిసన్ పంక్తుల భావం కింద తెలుగులో చెబుతాను. అది విషయం అర్థం కావడానికే తప్ప, తీర్పు చెప్పడానికి పనికిరాదు. అనువాదంలో ముందు జారిపోయేది మనం ఇక్కడ వెతుకుతున్నదే.

రెండో మెట్టు: వేళ చూసుకుని, చెవితో చదవడం

హాప్కిన్స్ ఆ ఉత్తరంలో ప్రేరణ గురించి చెబుతూ, అది బుద్ధి మామూలు కన్నా ఎంతో చురుగ్గా ఉండే ఒక స్థితి అంటాడు. దానికి కారణాలు ఏమిటంటే ఒంట్లో ఆరోగ్యం, గాలి ఎలా ఉందన్నది, వినడానికి చప్పగా ఉన్నా, తిని ఎంతసేపైందన్నది కూడా! ఇరవై ఏళ్ల కవి నోట ఈ మాట వినడం నాకు భలే ఇష్టం. అతను చెప్పింది రాసేవాడి గురించి. చదివేవాడికీ ఇది వర్తిస్తుందని నా అనుభవం. భోజనం చేసి కూర్చుంటే ఏ పద్యమైనా జోలపాటే. ఆఫీసు టెన్షన్‌లో చదివితే ఏ కవీ ఆనడు. కాబట్టి ఒక్కరోజు చదివి తీర్పు చెప్పకండి. మూడు వేర్వేరు రోజులు, మూడు వేర్వేరు వేళల్లో చదవండి. నోట్‌బుక్కులో పక్కన వేళ రాయండి: ఉదయం ఆరు, కాఫీకి ముందు, ఇలా.

పైకి చదవండి. 1878లో, ‘యూరిడిసీ’ అనే ఓడ మునక మీద తను రాసిన కవిత గురించి మిత్రుడు రాబర్ట్ బ్రిడ్జెస్‌కి రాస్తూ, దాన్ని కళ్లతో నిర్లక్ష్యంగా చదవొద్దని, కాగితమే నీ ఎదుట గొంతెత్తి వినిపిస్తున్నట్టు చెవులతో చదవమని అన్నాడు హాప్కిన్స్. పద్యం గొంతెత్తి చదివే అలవాటు మన ఇళ్లలో ఒకప్పుడు ఉండేది. దాన్ని మళ్లీ తెచ్చుకోవాలి, అంతే.

మూడో మెట్టు: అనుమానాన్ని ఒక వాక్యంలో రాయడం

“బోర్ కొడుతోంది” అని రాస్తే చాలదు. ఏ పంక్తి దగ్గర మనసు పక్కకు పోయింది? అక్కడ మీరు ఏం ఆశించారు? ఒక్క వాక్యం. నేను రాసుకున్నది ఇది: “తర్వాత ఏ పోలిక వస్తుందో నాకు ముందే తెలిసిపోతోంది.” ఇది రాశాకే నాకు హాప్కిన్స్ చెప్పింది పూర్తిగా ఎక్కింది.

నాలుగో మెట్టు: కవి మాట ఎన్ని రకాలో తెలుసుకోవడం

హాప్కిన్స్ కవిత్వ భాషను రకాలుగా విడదీశాడు. పేర్లన్నీ గ్రీకు కొండలవీ క్షేత్రాలవీ.

మొదటిది ప్రేరణ నుంచి వచ్చిన మాట. కవిని తన కన్నా పైకి ఎత్తేసిన క్షణంలో పుట్టింది. ఆ క్షణం ఒక్క నిమిషమే ఉండొచ్చు.

రెండోదానికి అతను పెట్టిన పేరు పర్నాసియన్. పర్నాసస్ అంటే గ్రీకు కళాదేవతల కొండ. ఈ భాష కవులు మాత్రమే మాట్లాడగలరు, కానీ అది అత్యున్నతమైన అర్థంలో కవిత్వం కాదు. కవి తన మామూలు ఎత్తులోనే నిలబడి మాట్లాడే మాట. రాస్తూ రాస్తూ ప్రతి పెద్ద కవికీ తనదైన యాస ఒకటి తయారవుతుంది. కొన్నాళ్లకి లోకాన్ని ఆ యాసలోనే చూస్తాడు, ఆ యాసలోనే చెబుతాడు, కొత్తగా ప్రేరణ అక్కర్లేకుండానే. మనం శైలి, ముద్ర అనేది చాలావరకు ఇదే.

మనకు దీనికి దగ్గరి మాటలున్నాయి. “చేయి తిరిగిన కవి” అంటాం. “ధార ఉంది” అంటాం. రెండూ మెచ్చుకోలే, న్యాయంగానే. అవధాని ధార చూసి ఆశ్చర్యపోని వాడుండడు. హాప్కిన్స్ అడుగుతున్నదల్లా ఒక్కటే: ధారలో వచ్చిన పంక్తినీ, ధారను తెంపుకుని వచ్చిన పంక్తినీ విడివిడిగా వినగలవా?

మూడోది డెల్ఫిక్. పద్యంలో వాడే భాష, అంతే. గొప్ప కవీ వాడతాడు, పద్యాలు గిలికేవాడూ వాడతాడు. కాస్టేలియన్, ఒలింపియన్ అని ఇంకో రెండు పేర్లు కూడా పెట్టాడు. మన పనికి మొదటి మూడు చాలు.

ఐదో మెట్టు: ఒక్క భాగాన్ని చేత్తో రాసుకుని, పంక్తి పంక్తికీ ప్రశ్న వేయడం

అసలు పని ఇదే. తొందరపడొద్దు.

ఎనిమిది, పది పంక్తుల భాగం తీసుకోండి, అందరూ మెచ్చుకునేదైతే మరీ మంచిది. హాప్కిన్స్ అదే చేశాడు. ఈనక్ ఆర్డెన్ ఒక నావికుడు. ఓడ మునిగి, ఉష్ణమండలంలో మనుషుల్లేని దీవిలో ఏళ్ల తరబడి చిక్కుకుపోతాడు. ఆ దీవి వర్ణనను అప్పటికే అందరూ ఉదహరిస్తున్నారు, ఇంకా ఉదహరిస్తారు అని చెప్పి మరీ ఆ భాగమే ఎత్తుకున్నాడు. భావం ఇదీ:

శిఖరం దాకా అడవి కమ్మిన కొండ. పచ్చిక బయళ్లు, పైపైకి మెలికలు తిరుగుతూ స్వర్గానికి దారుల్లా చెట్ల నడుమ ఖాళీలు. సన్నటి కొబ్బరిచెట్టు తలమీద వాలిన ఈకల కిరీటం. పురుగుదీ పిట్టదీ తటిల్లుమనే మెరుపు. ఠీవిగల మానుల చుట్టూ పెనవేసుకుని నేల అంచు దాకా పాకిన పొడవాటి పూలతీగల నిగనిగ. భూమి నడుముకు చుట్టిన వెడల్పాటి పట్టీ మీది ఆ వెలుగులూ వైభవాలూ. ఇవన్నీ అతను చూశాడు.

ఇప్పుడు ప్రశ్న. “నేనే ఈ కవినైతే, ఈ పంక్తి ఇలాగే రాసి ఉండేవాడినని ఊహించుకోగలనా?” ఊహించుకోగలిగితే అది పర్నాసియన్. ఊహించుకోలేకపోతే, అంతకుముందు చదివిందేదీ ఈ పంక్తి వస్తుందని చెప్పలేకపోతే, అది ప్రేరణ. నేనే షేక్‌స్పియర్‌నైతే ‘హామ్లెట్’ రాసేవాణ్ణి అనుకోవడం కుదరదు, అదే మనం ఊహించలేనిది అంటాడు హాప్కిన్స్.

అతను వేసిన మార్కులు చూడండి. ఖాళీలు “స్వర్గానికి దారుల్లా” ఉండటం కొత్త ఆలోచన, అది ప్రేరణ. కొబ్బరిచెట్టు పంక్తి పూర్తిగా పర్నాసియన్: మాటలు ఏరినవి, వర్ణన అందమైనది, తప్పు పట్టేందుకు లేదు, కానీ మనసుకి తగలదు. పురుగు, పిట్ట మెరుపు ఇంకా ఎక్కువ పర్నాసియన్. తీగల దగ్గర తీర్పు సన్నబడుతుంది. బొమ్మ తగులుతుంది, కానీ బొమ్మ మాత్రమే. మాటలు పర్నాసియనే. ఇక “వెలుగులూ వైభవాలూ” దగ్గర, ఇంగ్లిష్‌లో ‘గ్లోస్ అండ్ గ్లోరీస్’, టెన్నిసన్‌నైపోయి రాస్తున్నట్టు నన్ను నేను ఇంత స్పష్టంగా చూసుకోగలిగిన చోటు మరొకటి లేదంటాడు.

ఒకే భాగంలో ఒక పంక్తికి ఒక తీర్పు, పక్క పంక్తికి ఇంకో తీర్పు. ఒకే పంక్తిలో బొమ్మకి ఒకటి, మాటకి ఒకటి. కవిత మొత్తానికి ఒకే మార్కు వేసే అలవాటు మానుకోవడం ఇక్కడ నేర్చుకోవాలి.

తెలుగులో చేసేటప్పుడు కొన్ని చోట్లు ప్రత్యేకంగా వినండి. పద్యమైతే యతి దగ్గర. ఆ అక్షరం కోసం పడ్డ మాటా, ఆ మాట కోసమే వచ్చిన అక్షరమా? వృత్తమైతే ప్రాస కూడా. వచన కవితైతే “లా”తో ముగిసే పోలికల వరస, ఒకే క్రియతో ముగిసే వాక్యాల వరస, చప్పట్ల కోసం ఆపిన చివరి పాదం. ఇవన్నీ దోషాలు కావు. ధార ఎక్కువగా పారే కాలువలు ఇవే, అందుకని చెవి అక్కడ పెట్టాలి.

ఆరో మెట్టు: ఇంకాస్త ముందుకి చదవడం

ఇది హాప్కిన్స్ చెప్పిన మెట్టు కాదు, నేను కలిపింది. ఎందుకంటే అతని తీర్పుతో ఒకచోట నాకు పేచీ ఉంది.

ఉత్తరంలో ఎత్తి రాసిన భాగం “ఇవన్నీ అతను చూశాడు” దగ్గర ఆగిపోతుంది. కవితలో వాక్యం అక్కడ ఆగదు. ఇవన్నీ చూశాడు, కానీ చూడాలని తపించింది మాత్రం చూడలేకపోయాడు, దయగల ఒక మనిషి ముఖాన్ని. దయగల ఒక గొంతునీ వినలేకపోయాడు. అదీ వాక్యం.

మన సీసపద్యం గుర్తు తెచ్చుకోండి. నాలుగు పెద్ద పాదాల్లో వర్ణన పోగుపడుతుంది. ఎత్తుగీతిలో పద్యం మలుపు తిరుగుతుంది. సీసం ఒక్కటే చదివి ఎత్తుగీతి వదిలేస్తే ఆ పోగు ఎందుకో తెలియదు. టెన్నిసన్ ఆ అందాలన్నీ పోగేసింది, అవి ఆ నావికుడికి ఎందుకూ కొరగాలేదని చెప్పడానికే. ‘వెలుగులూ వైభవాలూ’ అన్న మాట మనసుకి తగలకపోవడమే అక్కడ సరైనదేమో! ఈనక్‌కి కూడా అది తగల్లేదు కదా.

ఇంత మాత్రాన హాప్కిన్స్ తప్పని అనను. ఆ పంక్తిలోని మాటలు చేయి తిరిగిన మాటలే, అతని చెవి మోసపోలేదు. నేను చెప్పేది, ఒక పంక్తిని పర్నాసియన్ అని గుర్తించాక, “మరి ఇక్కడ ఇది ఏం పని చేస్తోంది?” అని ఇంకో ప్రశ్న వేయండి అని. దానికోసం ముందు మూడు పంక్తులు, వెనక మూడు పంక్తులు చదవాలి.

ఏడో మెట్టు: అలా రాసి చూడటం

“నేనూ రాయగలను” అనిపించిన పంక్తి దగ్గర నిజంగా కూర్చుని రాయండి. ఆ కవి యాసలో నాలుగే పంక్తులు. హాప్కిన్స్ ఈ సంగతి ఒక్క వాక్యంలో చెప్పేశాడు: కవి సాగినట్టే మనమూ సాగిపోగలమనిపిస్తుంది, తీరా ప్రయత్నిస్తే అతని పర్నాసియన్ కూడా మనకు రాదు.

నేను ఒక ఆదివారం పొద్దున్న కూర్చున్నాను. కవి పేరు చెప్పను. ఆయన పోలికలు నాకు నోటికొచ్చు, ఆయన వాక్యం ఎక్కడ విరుగుతుందో తెలుసు. గంట తర్వాత కాగితం మీద ఉన్నది ఆయన మాటలే, ఆయన విరుపులే, కానీ నీళ్లు కలిపిన పాలు. రెండో పంక్తిలో ఆయనైతే ఒక చిన్న నామవాచకంతో ఆపేసేచోట నేను రెండు విశేషణాలు వేశాను. కొట్టేస్తే పంక్తి కూలిపోయింది. ఆయన పర్నాసియన్ వెనక ఎన్నేళ్ల సాధన ఉందో అప్పుడు తెలిసింది. ఈ మెట్టు ఎక్కకుండా దాటేస్తే మాత్రం మొత్తం పద్ధతి పొగరుగా మారిపోతుంది, అందుకే వదలొద్దంటున్నాను.

ఎనిమిదో మెట్టు: విసుగు ఎక్కడ పుట్టిందో చూడటం

ఒక కవి మనకు మొహం మొత్తడానికి కారణం అతని పర్నాసియనే అంటాడు హాప్కిన్స్. అతని రహస్యం తెలిసిపోయిందనుకుంటాం. నిజానికి తెలిసింది ఇంతే: ప్రేరణ లేనప్పుడు అతని కవిత్వం ముందే వేసిన బాటలో నడుస్తుంది. షేక్‌స్పియర్ మొహం మొత్తకపోవడానికి కారణం పర్నాసియన్ తక్కువగా వాడటం. తన అనుభవంలో అందరికన్నా ఎక్కువ మొహం మొత్తే కవి వర్డ్స్‌వర్త్ అని కూడా రాసేశాడు. స్నేహితుడికి రాసే ఉత్తరం కాబట్టి ఆ ధైర్యం.

రెండు పుస్తకాలు దగ్గర పెట్టుకోమన్నది ఇందుకే. మొదటి పుస్తకంలో ఏ పంక్తి మిమ్మల్ని ఉలిక్కిపడేలా చేసిందో, తర్వాతి పుస్తకంలో అదే పంక్తి తమ్ముళ్లూ చెల్లెళ్లూ కనిపిస్తారు. ఒక్కోసారి పెద్దదాని అందం కూడా వాళ్ల వల్ల మాసిపోయినట్టుంటుంది. నోట్‌బుక్కులో రెండూ ఎదురెదురుగా రాసుకోండి. ఏది ముందు పుట్టిందో చూశాక, మొదటిది మళ్లీ మెరుస్తుంది.

తొమ్మిదో మెట్టు: తిరిగి మంచి పంక్తి దగ్గరికి వెళ్లడం

టెన్నిసన్ ఎప్పుడూ కొత్తగా ఉంటాడని, పర్నాసియన్ వాడనే వాడడని నమ్మేవాణ్ణి, ఇప్పుడు వాడతాడని కనిపిస్తోంది అని ఒప్పుకున్నాక, ఈ తెలుసుకోవడం వల్ల పెద్ద తేడా రాకూడదంటాడు హాప్కిన్స్. అనుమానాలతో తికమకపడినప్పుడు ఇలాంటి చోటుకి తిరిగి వెళ్లాలి అంటూ ‘ఇన్ మెమోరియమ్’ నుంచి నాలుగు పంక్తులు రాస్తాడు. ఇది దివ్యం, భయపెట్టేంత అందం, దీన్ని కాదనేలా నీ పరిణతి చెందిన బుద్ధిని కూడా ఎవరూ మోసం చేయలేరు అంటాడు.

‘ఇన్ మెమోరియమ్’ టెన్నిసన్ తన స్నేహితుడు ఆర్థర్ హాలమ్ కోసం రాసింది. హాలమ్ 1833లో వియన్నాలో చనిపోయాడు. పుస్తకం 1850లో వచ్చింది. ఆ నాలుగు పంక్తులు సందెచుక్కతో మాట్లాడతాయి: పూడ్చిన సూర్యుడి మీద నిలిచి, అతనితోనే చనిపోవడానికి సిద్ధపడి, అన్నీ మసకబారడం, ఇంకా మసకబారడం, ఒక వైభవం ముగిసిపోవడం చూస్తున్నావు. ఆ కవిత చివరికి వచ్చేసరికి సందెచుక్కా వేగుచుక్కా ఒకటే అవుతాయి. రెండూ శుక్రుడే, మన పల్లెల్లో పెద్దవాళ్లకి తెలిసిన సంగతే.

రెండు భాగాల్నీ ఒకే కాగితం మీద రాసుకున్నప్పుడు నాకు ఒకటి కనబడింది. అక్కడ ‘గ్లోరీస్’, ఇక్కడ ‘గ్లోరీ’. మాట ఒకటే. ఈనక్ దీవి మీద అది బహువచనం, పక్కన ‘గ్లోస్’ తోడు, లోకమంతా పరుచుకున్న ధగధగ. సందెచుక్క దగ్గర అది ఏకవచనం, తోడు లేదు, వెంటనే ‘డన్’ అన్న చిన్న మాట: అయిపోయింది. చేయి తిరిగినందుకు వచ్చిన మాటా, గుండె తిరగబడినందుకు వచ్చిన మాటా ఒకే కవి నోట ఒకటే కావచ్చు. మీ కవి దగ్గర కూడా ఇలాంటి మాట ఒకటి ఉంటుంది. ఆయనకి బాగా ఇష్టమైన మాట, పదేపదే వచ్చే మాట తీసుకుని, అది వచ్చిన చోట్లన్నీ రాసి చూడండి. రెండు మూడు గంటల పని. ఈ మొత్తం మెట్లలో నాకు ఎక్కువ దక్కింది ఇందులోనే.

పదో మెట్టు: ఒక్కరికి రాయడం

అచ్చుకు వద్దు, పదిమందికీ వద్దు. ఒక్కరికి. బెయిలీ కూడా టెన్నిసన్ మీద అనుమానపడినవాడే. ఇద్దరి మనసులూ ఒకేసారి దూకాయని హాప్కిన్స్‌కి సంబరం. అలాంటి మనిషికి రాస్తే అబద్ధం ఆడలేం, గొప్పకి పోలేం. వాట్సాప్‌లో రాసినా ఫర్వాలేదు. పంక్తులు మాత్రం పూర్తిగా ఎత్తి రాయండి, కింద మీ మార్కులు పెట్టండి, అవతలి వాళ్లని కూడా అదే భాగానికి విడిగా మార్కులు వేయమనండి. తేడా వచ్చిన పంక్తి దగ్గరే అసలు మాటలు మొదలవుతాయి.

హాప్కిన్స్ 1868లో జెస్యూట్లు అనే కాథలిక్ సన్యాసుల్లో చేరే ముందు తన కవితల్ని తగలబెట్టాడు. ఏడేళ్ల పాటు దాదాపు ఏమీ రాయలేదు. 1875 చివర్లో ఒక ఓడ ప్రమాదం కదిలిస్తే మళ్లీ మొదలుపెట్టాడు, ఈసారి టెన్నిసన్ నీడ కూడా పడని లయతో. 1888లో బ్రిడ్జెస్‌కి రాస్తూ, గొప్ప రచనలు చదివితే తనలో కలిగే ఫలితం ఏమిటో చెప్పాడు: మెచ్చుకోవడం, వేరేలా చేయడం. మరుసటి ఏడాదే డబ్లిన్‌లో టైఫాయిడ్‌తో పోయాడు, నలభై నాలుగేళ్లకి. అతని కవితలు పుస్తకంగా వచ్చింది 1918లో.

నా నోట్‌బుక్కులో ఆ పేరు చెప్పని కవికి మొదటి రోజు ఇరవై పంక్తుల్లో మూడింటికి ప్రేరణ అని టిక్కు పడింది. ఏడాది తర్వాత అవే ఇరవై పంక్తులకి ఐదు. కొత్తగా పడిన రెండూ, మొదట్లో నేను ధార అని పక్కన పెట్టినవే.